పలకరాయి

జెనోవాకి తూర్పున, ఫోంతనబువోన లోయలో
కొండని పుస్తకంలా విప్పుతారు.
ఒకప్పుడు అక్కడి ఆడవాళ్ళు ఆ పుటల్ని నెత్తికెత్తుకుని
చెప్పుల్లేని కాళ్ళతో సముద్రం దాకా దిగేవారు.
రేవులో ఓడెక్కిన నలుపు
ఏ దేశంలోనో బడిగోడ మీద తేలేది.

ఎజీడియోకి చదువు రాదు.
రాయి మనసు ఎటు మొగ్గుతుందో తెలుసు.
"తడి ఆరకముందే చీల్చాలి,
గనినీళ్ళు ఇంకా దాని ఒంట్లో ఉండగానే.
ఆరిందా, ఇక మాట వినదు."
పల్చటి ఉలి, రెండు దెబ్బలు, కాస్త ఆగడం.
ఒకటి రెండు. రెండు నాలుగు.

దీపం పక్కన కూతురు తెక్లా లాటిన్ వల్లె వేస్తోంది:
షియో, షీస్, షీత్ —
నాకు తెలుసు, నీకు తెలుసు, తనకి తెలుసు.
ఫాదర్ అన్సాల్దో అరువిచ్చిన నిఘంటువుకి అట్ట లేదు,
మొదటి నలభై పేజీలూ లేవు.
షియెంత్సియా ఉంది: తెలిసి ఉండడం.
అంతే.
దుర్భిణి లేదు, గాజు గొట్టం లేదు, తెల్లకోటు లేదు.
రొట్టె కాల్చడం తెలిసినా అదే మాట,
కొండదారి తెలిసినా,
పొరుగింటి గుట్టు తెలిసినా.
అంచున పెన్సిలుతో ఎవరో రాశారు:
వేరు బహుశా కోయడం, విడదీయడం.
పక్కన ఒక ప్రశ్నార్థకం.

చదివి వినిపించింది.
ఎజీడియో ఉలి ఆపలేదు.
"ఆ కొక్కెం పెట్టినవాడు
ఎన్నడూ రాయి కొట్టి ఉండడు."

ఆ వారమే ఒక పొర కింద
పురుగు పాకిన జాడ బయటపడింది.
ఏనాటి కడలి అడుగునో తిండి వెతుక్కున్న మెలికలు,
గుణింతం కుదరని పిల్లాడి చేతిరాత.
చదివేవాళ్ళు పుట్టకముందే రాసి పెట్టినది.
మచ్చ ఉన్న పలకని ఎవరూ కొనరు.
తెక్లా కిటికీలో పెట్టుకుంది.

ఫిబ్రవరిలో కియావరి ఆస్పత్రి.
డాక్టరు నల్లటి ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తాడు.
అదీ పలకే.
పక్కటెముకల నడుమ ముప్ఫై ఏళ్ళ దుమ్ము
తెల్లగా రాసుకుపోయింది.
కత్తి పెట్టకుండానే చదివేశాడు.
తండ్రిని బయట బల్ల మీద కూర్చోబెట్టి
తెక్లాకి మాత్రమే చెప్పాడు.

ఆ రాత్రి పేజీలు వెనక్కి తిప్పితే
అదే మాట, ముందొక 'తో' తగిలించుకుని:
కొన్-షియెంత్సియా.
ఇంకొకరితో కలిసి తెలిసి ఉండడం.
అంతరాత్మ అని మనం ఒంటరిని చేసినది
అక్కడ ఇద్దరి సొత్తు.
ఆ ఇద్దరిలో ఒకరికి చెప్పకపోతే దాన్నేమంటారో
నిఘంటువులో లేదు. పోయిన నలభై పేజీల్లో
ఉందేమో.

పొద్దున్నే ఎజీడియో ఒక పలకని వేలికణుపుతో తట్టాడు.
ఖంగున పలికింది. "మంచిది."
ఇంకోటి తట్టాడు. మొద్దుగా పలికింది.
"లోపల బీట. చీల్చి చూడక్కర్లేదు."
ఆ తర్వాత, బీడీ వెతుక్కుంటున్నట్టుగా,
తన ఛాతీ మీద తట్టుకున్నాడు, రెండుసార్లు.
కూతురి వైపు చూడలేదు.

నా భాష రెండు దారులూ దాచుకుంది.
అరువు తెచ్చుకున్న విజ్ఞానంలో
విడదీసే 'వి' ఉంది, ఉలిమొనలా.
ఇంటిమాట తెలియడం మాత్రం
తేటకి చుట్టమంటారు,
కలక దిగేదాకా కూర్చోగలిగినవాళ్ళది.

ఉలి ముంచే తొట్టిని
రాత్రంతా ఎవరూ కదపలేదు.
బూడిదరంగంతా అడుక్కి దిగింది.
పైన నీళ్ళలో కిటికీ, కిటికీలో పురుగు రాత.
తెక్లా చెయ్యి పెట్టబోయి
ఆగింది.